కోపానికి పడే చేప

మొన్న వైరా బజారులో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి ఒక చెంచా తీసుకున్నాను. కాడ చివర రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళ ముందు అటూ ఇటూ ఊపాను. బరువు సరిగ్గా లేదనిపించింది. పక్కన పెట్టి ఇంకొకటి తీశాను. దాన్నీ ఊపాను. వెలుగు పడితే తళుక్కుమంటుందో లేదో అని తల వంచి మరీ చూశాను. కొట్టాయన చాలాసేపు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక, "కాకా, చెంచాతోని తింటరు గని, గట్ల ఊపుతరా ఎవలన్న?" అన్నాడు.

"నీకేం ఎరుక? నీ పని నువ్వు చూస్కో" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ఊరందరికీ తెలిసిన సంగతే, కొత్తగా దాచేదేమీ లేదు. కానీ కసిరిన మరుక్షణం నాకే నవ్వొచ్చింది. ఇదే కొట్టులో ఇదే పని చేసి ఇదే మాట పడిన మనిషి పక్కన నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయిన రోజులున్నాయి. ఆ మనిషి మా బావ, మా అక్క మొగుడు. పోయిన చలికాలంలో కాలం చేశాడు. ఇంటి నిండా చెంచాలున్న నేను మళ్ళీ చెంచా ఎందుకు కొన్నానన్నది చివర చెప్తాను. ముందు, ఈ జబ్బు నాకు అంటించినాయన సంగతి చెప్పాలి.

బావది ఇల్లెందు దిక్కు బొగ్గుబాయిలో ఉద్యోగం. చేసినన్నాళ్ళూ భూమి లోపలే. రిటైరయ్యాక ఆయన జతగాళ్ళందరూ ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఇళ్ళు కట్టుకుంటే, ఈయన మా అక్కను వెంటేసుకుని వైరా వచ్చేశాడు. నా మోటారు వైండింగ్ షాపు ఇక్కడే కాబట్టి, బామ్మర్ది మీద ప్రేమతో వచ్చాడని నాలుగు రోజులు పొంగిపోయాను. తర్వాత తెలిసింది, ఆ ప్రేమ రిజర్వాయరు మీదని.

"ఇన్నేండ్లు నెత్తి మీద బండనే చూసిన బామ్మర్దీ. ఇగ ఆకాశం చూస్త" అనేవాడు.

"ఆకాశం చూడనీకె గాలపు కర్ర ఎందుకు బావా?"

"ఉత్తగ చూస్తే పిచ్చోడంటరు. చేతుల కర్ర ఉంటే చేపలోడంటరు."

ఆ కర్ర భద్రాచలం అడవి దిక్కు నుంచి తెచ్చుకున్న వెదురు. దానికి ఆన్‌లైన్లో తెప్పించిన రీలు బిగించాడు. చూడ్డానికి ఎడ్లబండికి కారు స్టీరింగు పెట్టినట్టుండేది. వానపాములు, పిండి ముద్దలు, రొయ్యలు, ఇలాంటివేవీ ఆయన ముట్టేవాడు కాదు. స్టీలు చెంచా కాడ కోసేసి, మిగిలిన గుంటకి రెండు వైపులా చిల్లులు వేసి, ఒక చిల్లుకి తీగ, ఇంకో దానికి గాలం కట్టేవాడు. అది నీళ్ళలో తిరుగుతూ మెరుస్తూ వస్తుంటే చేప పిల్లేదో పరిగెత్తుతోందనుకుని కొర్రమీను మీద పడుతుందన్నమాట. పడితే.

"వానపాము పెడ్తే ఏమున్నది? ఆకలైనోనికి అన్నం పెట్టి మెడ పట్టుకున్నట్టు. చేప ఆకలికి పడొద్దు బామ్మర్దీ, కోపానికి పడాలె. ఎవడ్రా నా ముందల గిట్ల మెరిసేటోడు అని మీదికి ఉరికి రావాలె. గప్పుడే అది ఆట." అంటూ నా వంక చూసేవాడు. "నువ్వు సుత కొర్రమీనువే. ముందల ఏది మెరిసినా నోరు తెరుస్తవ్."

"ఎవలు నోరు తెరిచేది? నేనా?" అని నేను గయ్యిమనేవాణ్ణి.

బావ ఎడమ కన్ను మూసి, మణికట్టు చటుక్కున పైకి గుంజేవాడు. నీళ్ళలో చేప అందుకున్నప్పుడు ఆయన చేసే సైగ అది. ఒక్కోసారి రోజుకి నాలుగైదు సార్లు చేసేవాడు. అందులో చేపల వాటా తక్కువ, నా వాటా ఎక్కువ.

ఈ ఆట ఖర్చంతా మా అక్క వంటింటి మీద పడింది. ఆమె వంటగదిలో కాడలుండేవి, చెంచాలుండేవి కావు. ఉప్మా చేస్తే చుట్టాలు చేత్తో తినాల్సిందే. అక్క కేకలేస్తే, "కాడ ఉన్నది గదనే, చాయ్ కలుపుకోవచ్చు" అనేవాడు. ఒకనాడు ఆమె హవాయి చెప్పుల్లో కుడికాలిది మాయమైంది. వీధి కుక్క ఎత్తుకుపోయిందని అక్క వీధంతా తిట్టి వచ్చింది. సాయంత్రానికి ఆ చెప్పు కళ్ళూ కాళ్ళూ ఉన్న కప్పై బావ గాలాల డబ్బాలో బయటపడింది. నాచులో, తామరాకుల్లో చెంచా చిక్కుకుంటుందట, అక్కడ రబ్బరు కప్పే దిక్కట.

"ఎడమకాలుది ఎందుకిడిసినవ్? అది సుత కోసెయ్" అంది అక్క.

మర్నాడు అదీ కోసేశాడు.

ఏ కాలానికి ఏ వేషమో ఆయనకు లెక్కుండేది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినప్పుడు నాచు అంచున కప్ప. వానలు పడి నీళ్ళు ఎర్రబారాక చెంచా, అదీ ఇసుకతో తోమి అద్దంలా చేసినది. చలికాలం చేప అడుక్కి పోతుంది కాబట్టి ఓపికే ఎర అనేవాడు. ఓపిక అంటే కట్ట మీద రుమాలు పరుచుకుని గుర్రు పెట్టి పడుకోవడం. మొదటిసారి చెంచా విసిరే ముందు కట్ట మైసమ్మ గుడివైపు దాన్ని ఎత్తి చూపించేవాడు. ఎందుకంటే, "బాయిల దిగేముందు హాజరు ఎయ్యలే? గిదీ గంతే" అనేవాడు. రిజర్వాయరు చేపల మీద హక్కున్న సొసైటీ జాలర్లు కొత్తవాడెవడు కర్రతో వచ్చినా తగాదాకి దిగేవాళ్ళు గానీ, బావ జోలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. కారణం అడిగితే వాళ్ళ పెద్దమనిషి నవ్వి, "ఆయనతోని మా చేపలకేం నష్టం లేదు సారూ, జర కాలక్షేపం" అన్నాడు.

తప్పిపోయిన చేపల గురించి బావ చెప్పడం మొదలుపెడితే మాత్రం వినాలి. పొడుగు చూపించడానికి తన చేతులు చాలక నా చెయ్యి కూడా గుంజుకుని చూపించేవాడు. అయితే ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. పట్టని చేపను పట్టానని ఆయన ఎప్పుడూ అనలేదు. "పోయిన చేప ఎంతన్న ఉండొచ్చు బామ్మర్దీ. పట్టిన చేప పట్టినంతే. దాంట్ల అబద్ధం కలిస్తే కూర సప్పగైతది" అనేవాడు. ఈ నియమమే ఒకసారి మా అందరి కొంప ముంచబోయింది.

బావకి ఒక్కతే కూతురు, నా మేనకోడలు. మధిర సంబంధం చేశాం. పిల్లవాడు బంగారం. తండ్రి మాట జవదాటడు, ఆ బంగారంతోనే వచ్చింది చిక్కంతా. ఆ తండ్రి, అంటే మా వియ్యంకుడు, రిటైర్డ్ స్టేషన్ మాస్టర్. చొక్కాకి పై గుండీ దాకా పెట్టుకుంటాడు. నవ్వాల్సి వస్తే ముందు గడియారం చూసుకుంటాడు. మేమంతా ఆయన్ని వెనకాల మధిరాయన అనుకుంటాం, ఎదురుగా బావగారూ అంటాం.

పెళ్ళయిన కొత్తలో బావ ఆ కుటుంబాన్ని భోజనానికి పిలిచాడు. అదృష్టమో దురదృష్టమో, ఆ ముందురోజే నిజంగా ఒక పెద్ద కొర్రమీను పడింది. అక్క చింతపులుసు పెట్టింది. మాలో చేప వండితే తలకాయ ఇంటికొచ్చిన పెద్దమనిషికి పెడతారు, అది శాలువా కప్పినంత మర్యాద. అక్క దాన్ని ప్రత్యేకంగా గిన్నెలో వేసి మధిరాయన విస్తరి పక్కన పెట్టింది. ఆయన గడియారం తీసి జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడిచి సిద్ధమయ్యాడు.

సరిగ్గా అప్పుడే మా బావ ఆ చేప ఎలా పడిందో చెప్పడం మొదలుపెట్టాడు. నాచు అంచు, చెంచా మెరుపు, నీళ్ళ మీద బుడగ, అన్నీ అయ్యాయి. "నోరు గిట్ల తెరిచింది బావగారూ" అంటూ చూపించడానికి గిన్నెలోంచి తలకాయ తీశాడు. దవడలు రెండు వేళ్ళతో విప్పి చూపించాడు. "గిట్ల మూసింది" అని మూశాడు. ఇక చేప గుంజుతోంది, బావ గుంజుతున్నాడు, తీగ తెగేలా ఉంది. ఆ ఊపులో ఒక చెంప చప్పరించాడు. చేప కట్ట దగ్గరికొచ్చింది. రెండో చెంపా అయిపోయింది. అక్క కళ్ళతో సైగలు చేస్తోంది, నేను కాలితో తొక్కుతున్నాను, మా బావకు ఒళ్ళు తెలిస్తే కదా! కథలో చేప ఒడ్డున పడేసరికి తలకాయ ఎముకలై బావ విస్తరి పక్కన పడుంది.

రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారాన్ని చూసినట్టు మధిరాయన ఆ ఖాళీ గిన్నెను చూశాడు. "కథ బావుందండి" అన్నాడు. పెరుగన్నం దాకా ఆగకుండా చెయ్యి కడుక్కున్నాడు.

అంతే, ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. తగువు పెట్టుకున్నాడా అంటే అదీ లేదు. ఎప్పుడు పిలిచినా "వస్తామండి" అనేవాడు. కొడుకూ కోడలూ వైరా బయల్దేరతామంటే మాత్రం ఆయనకి మోకాళ్ళ నొప్పి పుట్టుకొచ్చేది. పురుడు కూడా మధిర దవాఖానాలోనే జరిపించారు. అక్కా బావా వెళ్ళి మనవరాలిని పరాయివాళ్ళలా చూసి వచ్చారు. ఆ పిల్ల నడక నేర్చింది, మాటలు నేర్చింది, తాత ఇంటికి మాత్రం రాలేదు. ఫోనులోనే ముద్దులు, ఫోనులోనే టాటాలు.

బావ క్షమాపణ చెప్పని పద్ధతి లేదు. ఒకసారి కొర్రమీను పడితే తడి గోనెలో చుట్టి నాకిచ్చి మధిర పంపాడు. బస్సులో అందరూ నన్ను ముక్కు మూసుకుని చూశారు. మధిరాయన గుమ్మంలో నిలబడి గోనె వంక చూసి, "తల ఉందాండీ? దారిలో మీ బావగారు ఎక్కలేదు కదా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గోనె అక్కడే పడేసి తిరుగు బస్సు ఎక్కాను.

బావ బయటికి నవ్వేవాడు గానీ లోపల బాగా నలిగిపోయాడు. ఒక కొత్త ఎర్ర చెప్పు కొని, దానితో గాలం లేని కప్పను చేసి డబ్బాలో దాచాడు. "పిల్లకు నీళ్ళు చూపియ్యాలె బామ్మర్దీ. గీ కప్పను నీళ్ళ మీద దూకిపిచ్చాలె. నవ్వుతది" అనేవాడు. ఆ మాటన్నాక రీలు తిప్పడం మరిచిపోయి కూర్చునేవాడు. నాకు ఆ మధిరాయన మీద పీకల దాకా కోపం వచ్చేది.

మృగశిర కార్తె, మా మాటలో మిర్గం, దగ్గరికొచ్చింది. మా దిక్కు ఆ రోజు చేప తినని ఇల్లుండదు. ఒక పొద్దున బావ నా షాపుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, స్పీకర్ పెట్టి మధిరకు ఫోన్ కలిపాడు.

"నమస్తె బావగారూ. మిర్గానికి పిలుద్దామని చేసిన. మీరు రారని ఎరుకేననుకోండ్రి."

"వస్తామండి. మోకాళ్ళే కొంచెం..."

"రాకున్నా ఏం కాదులే. ఒక ముచ్చట చెప్పాల్నని చేసిన. ఆ దినం తలకాయ నేను కావాల్ననే తిన్న."

నా చేతిలో రాగి తీగ అలాగే ఆగిపోయింది.

"మీ దిక్కంతా ఐసు చేపలే కద బావగారూ. బత్కున్న కొర్రమీను తలకాయ తినుడు మీకేం అలవాటుంటది? ముల్లు గిట్ల గొంతుల ఇరికితే పెద్దమనిషి ఆగమైతడని, నేనే తినేసిన. మీ మంచికే."

నేను బావ నోరు మూద్దామని లేచాను. అప్పటికే ఫోన్ బద్దలైంది.

"ఎవరికండీ తినడం రానిది? గోదావరి ఒడ్డున పుట్టాను నేను! మీరు బాయిలో బొగ్గు తవ్వుతున్నప్పుడు నేను పులస తల తిన్నవాణ్ణి! ముల్లా? నాకా? వస్తున్నానండీ, మృగశిరకి వస్తున్నాను! కుటుంబమంతా వస్తాం! తల నా ముందు పెట్టండి, ఎలా తింటారో చూపిస్తాను. మీ చేత్తో మీరు పట్టిన చేపే ఉండాలి. కొన్న చేప పెట్టారో, ఇక ఈ జన్మలో మీ గడప తొక్కను, మావాళ్ళని తొక్కనివ్వను!"

ఫోన్ పెట్టేశాడు. బావ ఎడమ కన్ను మూసి, ఫోన్ ఉన్న చెయ్యి మణికట్టు దగ్గర చటుక్కున పైకి గుంజాడు.

"నీకేమన్న దిమాక్ ఉన్నదా బావా? చేప పడకపోతే ఏంది సంగతి? పిల్ల మొకం ఇగ ఎప్పటికీ కనబడది!"

"పడ్తది తియ్" అన్నాడు.

మృగశిర నాడు తెల్లారక ముందే కట్ట మీదికి చేరాం. మైసమ్మ దగ్గర హాజరు వేయించుకున్నాడు. చెంచా వేశాడు, కప్ప వేశాడు, టూత్‌బ్రష్ కాడతో చేసిన చేప పిల్లను వేశాడు. దేనికీ చేప పడలేదు. పొద్దెక్కింది. అక్క ఫోన్ మీద ఫోన్: "పడ్డదా?" మసాలా నూరి పెట్టుకుని కూర్చుందామె. బావకు చెమటలు పోస్తున్నాయి, అయినా పాటలు హమ్ చేస్తున్నాడు. నాకు ఆయన్ని నీళ్ళలోకి తోసేయాలనిపించింది.

అప్పుడు కనిపించింది, నాచు పక్కన నీళ్ళ మీద ఎర్రగా, చారెడు కుంకుమ చల్లినట్టు. కొర్రమీను పిల్లల గుంపు. దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ ఎరుపు మధ్యలోకి ఏం విసిరినా సరే, పిల్లల మీదికి ఎవడో వచ్చాడని తల్లి కళ్ళు మూసుకుని మీద పడుతుంది. గురి తప్పడమన్నది ఉండదు.

"బావా! ఎయ్! ఎయ్ జల్దీ!"

బావ చెంచా ఎత్తాడు. చూశాడు. దించేశాడు.

"ఏంది?"

"పిల్లలున్నయ్ రా."

"అందుకే గదా ఎయ్యమనేది! కోపానికి పడాలె అంటివి గదా, గింత కన్న కోపం యాడుంటది?"

"గది కోపం కాదు బామ్మర్దీ, భయం. దాన్ని గుంజితే ఆ పిల్లలన్నీ ఆగమైతయ్. నా మనవరాలి మొకం చూసుకునేటందుకు దాని పిల్లల ఉసురు పోసుకుంటనా?"

నేను నెత్తి మీది టోపీ తీసి నేలకేసి కొట్టాను. తిట్టాల్సినవన్నీ తిట్టాను. నిజం చెప్పొద్దూ, తిడుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆయన మాత్రం తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంతలో మేనకోడలి ఫోన్: "మామా, వచ్చేసినం. మా మధిర మామయ్య గుమ్మంలనే నిలబడి చేప ఏదీ అంటున్నడు."

ఇక నా దారి నేను చూసుకున్నాను. సొసైటీ వాళ్ళ పడవ ఒడ్డుకొస్తే, తొట్టిలోంచి బతికున్న కొర్రమీనునొకదాన్ని కొన్నాను. నమ్మకంగా ఉండాలని దాని పెదవికి నేనే గాలం గుచ్చబోతే నా బొటనవేలు కరిచింది. రక్తం కారుతున్న చేత్తోనే తెచ్చి బావ ముందు పెట్టాను.

"ఏంది గది?"

"చేప."

"ఎవలు పట్టిండ్రు?"

"నువ్వే."

"నేనా?"

"అవ్, నువ్వే! నోరు మూస్కొని నడువు."

బావ కర్ర భుజానేసుకుని నడిచాడు. ఇంటిదాకా మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే నాకు భయమేసింది.

ఇంట్లో మనవరాలు తాతను చూసి మొదట తల్లి కొంగు చాటుకి పోయింది, ఎర్ర కప్పను చూసి బయటికొచ్చింది. పులుసు దిగాక అందరం కూర్చున్నాం. మామిడికాయ పచ్చడి వడ్డించడానికి అక్క చెంచా కోసం వెతికి వెతికి, చివరికి గాలం పీకేసిన చెంచా గుంటను తీగతో పట్టుకుని వడ్డించింది. మధిరాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు గానీ ఏమీ అనలేదు. చేప తలకాయ ఆయన ముందుకొచ్చింది. బావకు అందనంత దూరంలో, అక్క చెయ్యి అడ్డం పెట్టి మరీ.

మధిరాయన చేతులు మడిచాడు. మొప్ప ఎత్తి చూశాడు. వాసన చూశాడు. "బతికున్న చేపే" అని ఒప్పుకున్నాడు. తర్వాత తలెత్తి సూటిగా అడిగాడు. "మీరు పట్టిందేనా బావగారూ?"

అక్క దేవుడి పటం వైపు చూస్తోంది. మేనకోడలు తండ్రి వైపు చూస్తోంది. నేను బల్ల కింద నుంచి బావ కాలు తొక్కి పట్టుకున్నాను. అవునంటే చాలు. మూడక్షరాల పని.

"కాదు బావగారూ" అన్నాడు బావ. "మా బామ్మర్ది కొన్నడు."

అక్క చేతిలో గంటె జారి కింద పడింది. మధిరాయన చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"అంటే, మీరేమీ పట్టలేదా?"

"పట్టిన."

"ఏది మరి?"

బావ లేచి నిలబడ్డాడు. ఎడమ కన్ను మూసి మణికట్టు గుంజాడు.

"మిమ్మల్నే. ఆ దినం ఫోన్ల చెంచా ఏసిన బావగారూ. మీకు తినరాదన్న. ఎవడ్రా గీడు అని మధిరల నోరు తెరిచి వైరాల తేలిండ్రు. మీ మోకాళ్ళు ఒక్కమారు సుత అడ్డం రాలే. మీ అసొంటి చేప నాకు ఇగ ఈ జన్మల పడది." మనవరాలి వంక తిరిగాడు. "తప్పు నాదే. తలకాయ తిన్న, తప్పే. పిల్లను చూడకుంట ఉండలేక గిట్ల చేసిన. చూసిన, సాలు. మీరు పోతానంటే గాలం ఇప్పుత."

నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది, కొంప కొల్లేరైంది అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి మధిరాయన ఎడమచేత్తో జేబులోంచి గడియారం తీసి చూసుకుంటున్నాడు. వెళ్ళడానికేమో అనుకున్నాను. ఆయన నవ్వడానికి చూసుకున్నాడట. పై గుండీ ఊడేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొస్తే, కళ్ళు తుడుచుకుని, తలకాయను మధ్యకి చీల్చి సగం బావ విస్తర్లో వేశాడు.

"ఎలా తినాలో చూపిస్తానన్నాను కదా, చూసి నేర్చుకోండి. కానీ బావగారూ, దణ్ణం పెడతాను, కథ మాత్రం చెప్పకండి. చెప్తే నా సగం కూడా పోతుంది."

ఆ తర్వాత ప్రతి మృగశిరకీ మధిర కుటుంబం వైరాలోనే. ఆ రోజు బావకు చేప పడితే అది, లేకపోతే సొసైటీది, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మధిరాయన గొడుగు వేసుకుని కట్ట మీద బావ పక్కన కూర్చునేవాడు. చేప ఇంకా రాలేదేమంటే, "లేటుగా నడుస్తోందండీ" అని ప్రకటించేవాడు. మనవరాలు ఎర్ర కప్పను దూకించేది. మా అక్క ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేది.

పోయిన చలికాలం ఒక పొద్దున బావ చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "నీళ్ళు సల్లగున్నయో ఏమో" అని గోడకు ఆనుకున్నాడు. అంతే. నొప్పి కూడా చెప్పలేదు. బొగ్గుబాయి జతగాళ్ళు వచ్చి ఏడ్చారు, సొసైటీ జాలర్లు వచ్చి ఏడ్చారు. మధిరాయన గుమ్మంలో నిలబడి గడియారం తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క గాలపు కర్రను అటక మీద పెట్టించింది. ఈ వేసవిలో ఆమె నాతో అంది, "మిర్గం లేదు, ఏం లేదు. ఆయినె లేనంక ఎవలొచ్చి ఏం చెయ్యాలె? మధిర వాళ్ళకు రావద్దని చెప్పు." సరే అన్నాను. నాకూ కట్ట వైపు వెళ్ళబుద్ధి కావడం లేదు. అలా ఆ ఇంటి తలుపు మళ్ళీ మూతపడబోయింది. ఈసారి కోపం వల్ల కాదు, దుఃఖం వల్ల.

మొన్న పొద్దున మధిరాయన షాపుకి ఫోన్ చేశాడు.

"బావగారూ, చెల్లెమ్మ రావద్దందట, కోడలు చెప్పింది. మేమూ రామండి. మృగశిరకి అక్కడేముందిలెండి ఇప్పుడు? మీ వైరాలో చెంచా వేసే మొనగాడు ఇంక లేడు కదా."

"అవునండి" అన్నాను.

"మీరున్నారనుకోండి. ఉన్నా ఏం లాభం? మోటార్లకి తీగ చుట్టడం తప్ప మీకేమొచ్చు? మీ చేతికి గాలమిస్తే మీ చెవికే తగులుతుంది."

"ఏందండీ?"

"నిజమే కదండీ. ఇన్నేళ్ళు ఆయన పక్కన డబ్బా మోశారు గానీ, ఒక్క చేపన్నా పట్టారా? మీ వల్ల కాదులెండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవలితోని కాదండీ? నాతోనా? రండి మిర్గానికి! ఇంటిల్లిపాది రండి! కొర్రమీను తలకాయ మీ ముందల పెట్టకుంటే నా పేరు మార్చుకుంట!" అని అరిచి, ఫోన్ పెట్టేసి, షాపు తలుపు కూడా వెయ్యకుండా తిన్నగా స్టీలు కొట్టుకి వెళ్ళాను. అక్కడి సంగతి ముందే చెప్పాను.

చెంచా తీసుకుని అక్క ఇంటికెళ్ళాను. పనిముట్లన్నీ అక్కడే ఉన్నాయి. అటక మీది కర్ర దించి, బావ డబ్బా తెరిచి, వరండాలో కూర్చుని చెంచా కాడ కోయడం మొదలుపెట్టాను. చప్పుడు విని అక్క బయటికొచ్చింది.

"ఏం చేస్తున్నవ్ రా?"

"మధిరాయన నన్ను ఎంత మాటన్నడో ఎరుకా అక్కా? నాతోని కాదట! చెవికి తగులుతదట! రమ్మన్న, మిర్గానికి అందర్ని రమ్మన్న. నేనేందో చూపిస్త!"

అక్క నా వంక, నా చేతిలో చెంచా వంక చూసింది. ఆమె పెదవుల మూల ఏదో కదిలింది. బావ పోయాక మొదటిసారి ఆమె నవ్వడం చూశాను. నవ్వుతూనే ఎడమ కన్ను మూసి, మణికట్టు చటుక్కున పైకి గుంజి, చింతపండు డబ్బా దించడానికి లోపలికి వెళ్ళిపోయింది.

నేను రంపం పక్కన పెట్టి, నా కింది పెదవి తడుముకున్నాను.